చచ్చిన ఎలుకే పెట్టుబడి: ఇంటిల్లిపాదీ కథలు చదువుతూ పిల్లలకు డబ్బు లెక్క, వ్యాపారం నేర్పడం ఎలా?

మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక ఇరవై నిమిషాలు కథ చదువుకోవడం పాత అలవాటే. రెండేళ్ల కిందట ఒక రోజు మా పెద్దాడు, అప్పటికి వాడికి 10 ఏళ్లు, కథ మధ్యలో ఆపి అడిగాడు: "అయితే ఇప్పుడు వాడి దగ్గర ఎంత ఉన్నట్టు?" నాకు తెలీదు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, పెన్సిల్ తీసుకుని లెక్క వేశాం. ఆ రాత్రి నుంచి కథల పుస్తకం పక్కన ఒక పద్దుల పుస్తకం వచ్చి చేరింది.

కింద చెప్పిన పద్ధతంతా ఆ ఒక్క ప్రశ్న నుంచి వచ్చిందే. డబ్బు చేతులు మారిన ప్రతి చోటా ఆగాలి, ఎవరి దగ్గర ఎంత ఉందో రాయాలి. పొదుపు గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వకూడదు. ఆ ఉపన్యాసాలు నేను బోలెడు ఇచ్చాను. పిల్లలు తల ఊపి, మర్నాడు కిరాణా కొట్టు దగ్గర అదే కుర్‌కురే ప్యాకెట్ కోసం అదే గొడవ చేశారు.

కలిసి చదివితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చూపించారు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వెళ్తూ, సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి వాచకంలో ఒక పాఠం చదివారు. అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. అక్కడి నుంచి పాకిన ఉద్యమం 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ వెనకే అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు లేచాయి. వాళ్లు పెద్దవాళ్లు, మన పిల్లలు చిన్నవాళ్లు, అంతే తేడా.

మొదటి మెట్టు: ఏ కథ?

నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఆ కథ చదివి జమాఖర్చులు రాయగలమా? రాయగలిగితే పనికొస్తుంది. "కష్టపడి పైకొచ్చాడు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఎంత మంచి కథైనా ఈ పనికి పనికిరాదు. పిల్లల కోసం రాసిన పారిశ్రామికవేత్తల జీవిత కథలతో నాకున్న పేచీ ఇదే. మూడో పేజీలో చిన్న షెడ్డు, నాలుగో పేజీలో పెద్ద ఫ్యాక్టరీ. మధ్యలో అప్పు ఎవరిచ్చారు, జీతాలు ఎలా కట్టారు, ఏ ఏడాది నష్టం వచ్చింది? ఏదీ ఉండదు.

మన పాత కథలు ఈ విషయంలో నయం. వర్తకులు ఉంటారు, అప్పులు ఉంటాయి, మోసాలు ఉంటాయి, అంకెలు కూడా ఉంటాయి. మొదలుపెట్టడానికి మూడు చాలు: పాత సంస్కృత కథల పుస్తకం కథాసరిత్సాగరంలోని ఎలుక వ్యాపారి కథ, పంచతంత్రంలోని సత్తుపిండి కుండ కథ, అందులోదే ఎలుకలు తినేసిన ఇనుప త్రాసు కథ. ఇంట్లో పాత చందమామలు ఉంటే తిరగేయండి. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసే పిల్లల పుస్తకాలు చవగ్గానే దొరుకుతాయి. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. పుస్తకం దొరక్కపోతే అమ్మమ్మో తాతయ్యో నోటితో చెప్పినా చాలు, అంకెలు మింగకుండా చెప్పాలి.

రెండో మెట్టు: కూర్చోవడం

కావలసినవి ఒక కథ, ఒక పొడుగు నోట్‌బుక్, పెన్సిల్. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద "వచ్చింది", కుడి పేజీ మీద "పోయింది". అంతకంటే అకౌంటెన్సీ వద్దు.

చదివేది ఒకరు, రాసేది ఇంకొకరు. రోజూ మారాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలకో, అమెరికాలో పెరిగే పిల్లలకో తెలుగు చదవడం రాకపోతే పెద్దవాళ్లు చదవండి, లెక్క వాళ్లకు అప్పగించండి. తెలుగు రాకపోయినా రూపాయి లెక్క అందరికీ వస్తుంది.

కథ చదివినందుకు డబ్బులివ్వడం మాత్రం వద్దు. నేను ఒక నెల పేజీకి రూపాయి చొప్పున ఇచ్చి చూశాను. మావాడు బొమ్మలు ఎక్కువ, అక్షరాలు తక్కువ ఉన్న పుస్తకాలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. వ్యాపార బుద్ధి వచ్చిందని సంతోషించాలో ఏడవాలో తెలీక ఆపేశాను.

మూడో మెట్టు: ఎలుక వ్యాపారి, నాలుగు రాత్రులు

ఈ ఒక్క కథ మీద నాలుగు రాత్రులు పెట్టండి. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

మొదటి రాత్రి. తండ్రి లేని పేద కుర్రాడు. తల్లి కూలి చేసి చదివించింది. ఆ ఊళ్లో విశాఖిలుడనే షావుకారు పేద కుర్రాళ్లకు పెట్టుబడి ఇస్తాడని విని అక్కడికి వెళ్తాడు. షావుకారు ఇంకొకడిని తిడుతుంటాడు: నీకు ఎన్నో దీనారాలిచ్చాను, పెంచకపోతే పోయె, నిలబెట్టుకోను కూడా లేదు, తెలివైనవాడు అదిగో, ఆ చచ్చిన ఎలుకతో కూడా సంపాదిస్తాడు, అని. కుర్రాడు ముందుకొచ్చి, ఆ ఎలుకనే పెట్టుబడిగా తీసుకుంటానని చీటీ రాసిచ్చి తీసుకుపోతాడు. షావుకారు నవ్వుతాడు.

ఇక్కడ ఆపండి. అడగాల్సింది ఒక్కటే: పారేసే ఎలుకకు చీటీ ఎందుకు రాశాడు? మావాడు "వాడు పిచ్చోడు" అన్నాడు. రెండేళ్లు చిన్నదైన చెల్లెలు కాసేపు ఆలోచించి, "మళ్లీ వెళ్లి ఇంకోటి అడగొచ్చుగా" అంది. బ్యాంకులవాళ్లు పరపతి అని, సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు వేసే మార్కు) అని చెప్పేదంతా ఆ ముక్కలోనే ఉంది. నేను ఆ మాట అనలేదు, ఆమె చెప్పింది చెప్పినట్టు పద్దుల పుస్తకంలో రాయించాను. మొదటి పద్దు: వచ్చింది - ఎలుక 1. బాకీ - ఎలుక 1.

రెండో రాత్రి. ఎలుకను ఒక వర్తకుడు పిల్లి కోసం కొంటాడు. రెండు దోసిళ్ల శనగలిస్తాడు. ఇక్కడ వంటింట్లోకి వెళ్లి శనగల డబ్బా తీయండి. మా చిన్నదాని దోసిలితో రెండుసార్లు పోసి కిచెన్ త్రాసు మీద పెడితే 190 గ్రాములు వచ్చాయి. పుస్తకంలో రాసేలోపు మళ్లీ చూస్తే 170. మిగతా 20 దాని నోట్లో ఉన్నాయి. "నువ్వు పెట్టుబడి తినేశావు" అని అన్నయ్య అరిచాడు. తినే శనగలకూ పెట్టుబడి శనగలకూ తేడా ఆ రాత్రితో ఇద్దరికీ తెలిసిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా దాచిన డబ్బు తీస్తే "శనగలు తింటున్నావా?" అనే అంటారు.

కుర్రాడు ఆ శనగలు దంచి, కుండలో చల్లటి నీళ్లు పట్టుకుని ఊరి బయట నాలుగు దారులు కలిసే చోట నీడలో నిలబడతాడు. కట్టెలు మోసుకుని అలసిపోయి వచ్చేవాళ్లకు మర్యాదగా శనగలు, నీళ్లు ఇస్తాడు. ఒక్కొక్కరూ రెండేసి కట్టెలు ఇచ్చి పోతారు. అడగండి: ఊళ్లోనే ఎందుకు నిలబడలేదు? నీడ ఎందుకు? పొద్దున్నే ఎందుకు వెళ్లలేదు? తర్వాత మన వీధికి రండి: ఇక్కడ అలసిపోయి వచ్చేవాళ్లు ఎవరు, ఏ వేళకు? మా పిల్లలు చెప్పిన జవాబు, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వచ్చే డెలివరీ కుర్రాళ్లు. సరుకు కంటే ముందు మనిషిని చూడటం అలవాటు కావాలంటే ఇలాంటి ప్రశ్న వారానికొకటి వేయండి.

మూడో రాత్రి లెక్కల రాత్రి. కట్టెలు అమ్మి, వచ్చిన దాంట్లో కొంతే పెట్టి మళ్లీ శనగలు కొంటాడు. కథలో ఇక్కడ అంకెలు లేవు, మనమే వేసుకోవాలి. రోజుకు పదిమంది, మనిషికి రెండు కట్టెలు, కట్టె రూపాయి అనుకుంటే 20 రూపాయలు. రేపటి శనగలకు 5. మిగిలేది 15. పది రోజులకు 150. ఇప్పుడు పిల్లల్ని ఒక రోజు వాన కురిపించమనండి, ఒక రోజు కుర్రాడికి జ్వరం తెప్పించమనండి. 150 ఎంతకు దిగుతుందో వాళ్లే వేసి చూస్తారు. తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు ఈ రాత్రి బాగా నచ్చుతుంది. ఏడేళ్ల లోపు వాళ్లకు నచ్చదు, వాళ్లను శనగల దగ్గరే వదిలేయండి.

నాలుగో రాత్రి తగవు రాత్రి. కూడబెట్టిన డబ్బుతో కుర్రాడు మూడు రోజుల పాటు కట్టెలన్నీ తనే కొనేస్తాడు. ఇంతలో జోరువాన. ఊళ్లో కట్టెలకు కరువు. వందల పణాలకు అమ్ముతాడు. దాంతో దుకాణం పెట్టి పెద్ద వర్తకుడవుతాడు.

ఇది న్యాయమా? మా ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "వాన వస్తుందని వాడికి తెలీదు, రిస్క్ తీసుకున్నాడు" అన్నాడు పెద్దాడు. "వానలో ఒక అమ్మ వంట చేసుకోవాలిగా" అంది చిన్నది. తీర్పు నేను చెప్పలేదు. 2020 మార్చిలో జరిగింది మాత్రం చెప్పాను: కరోనా మొదలవగానే మాస్కుల ధరలు ఎగబాకితే, మూడు పొరల మాస్కు 10 రూపాయలకు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలకు మించి అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం ధర కట్టేసింది. ఆ మాట విని ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి వాదించుకున్నారు. పడుకునేసరికి పదిన్నర. మర్నాడు స్కూలు ఉన్న రోజున ఈ రాత్రి పెట్టుకోకండి.

చివర్లో కుర్రాడు బంగారంతో ఎలుక చేయించి విశాఖిలుడికి పంపి బాకీ తీరుస్తాడు, షావుకారు కూతురిని ఇచ్చి పెళ్లి చేస్తాడు. "ఆ అమ్మాయిని అడిగారా?" అంది మా చిన్నది. పాత కథల్లో ఇలాంటివి వస్తాయి. దాటేయకుండా, అడగలేదని ఒప్పుకుని ముందుకెళ్లడం మేలు.

నాలుగో మెట్టు: సత్తుపిండి కుండ

బిచ్చమెత్తి తెచ్చిన సత్తుపిండి కుండను వేలాడదీసి, దాని కింద పడుకుని ఒకడు లెక్కలు వేస్తాడు. కరువొస్తే ఈ పిండికి నూరు రూపకాలొస్తాయి, రెండు మేకలు కొంటాను, ఆరు నెలలకోసారి ఈనుతాయి, మంద అవుతుంది, ఆవులు, గేదెలు, గుర్రాలు, బంగారం, పెద్ద ఇల్లు, పెళ్లి, కొడుకు సోమశర్మ. ఆ కలలోనే కాలు విసిరితే కుండ పగిలి పిండంతా వాడి మీదే పడుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెత పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అయితే నవ్వి ఊరుకోకండి. వాడి లెక్క తప్పేం కాదు. రెండు మేకలు ఆరు నెలలకు నాలుగు, ఏడాదికి 8, రెండేళ్లకు 32. ఇది చక్రవడ్డీ (వడ్డీకి వడ్డీ) లెక్కే. పేజీని రెండు భాగాలు చేసి ఒకవైపు వాడు అనుకున్నవి, రెండోవైపు అనుకోనివి రాయించండి. మా పేజీలో రెండోవైపు ఇలా తేలింది: మేత ఎవరు కొంటారు? పుట్టినవాటిలో పోతులు ఎన్ని? రోగం వస్తే? కాపలా ఎవరు? కరువే రాకపోతే? అన్నిటికంటే ముందు, పిండి పురుగు పడితే? పెద్ద కంపెనీల వాళ్లు బిజినెస్ ప్లాన్ అని రాసేదాంట్లో ఉండాల్సింది ఈ రెండోవైపే. వాడు కాలు విసిరింది కలలో భార్యను తన్నడానికి. చాలా పిల్లల పుస్తకాల్లో దాన్ని తీసేస్తారు. నేనైతే ఉంచి చదువుతాను, అక్కడ కూడా ఒక నిమిషం ఆగి మాట్లాడతాను.

ఇనుప త్రాసు కథను దీని తర్వాత ఒక్క రాత్రిలో ముగించవచ్చు. స్నేహితుడి దగ్గర త్రాసు దాచి ఊరెళ్లి వచ్చినవాడికి "ఎలుకలు తినేశాయి" అనే జవాబు దొరుకుతుంది. ఎలుక వ్యాపారి రాసినట్టు ఒక చీటీ ఉంటే ఏమయ్యేదో పిల్లల్నే చెప్పనివ్వండి.

ఐదో మెట్టు: ఇంట్లో కాగితాలు

కథలు నాలుగైదు అయ్యాక వారానికి ఒక రాత్రి ఇంటి కాగితం ఒకటి చదవండి. కిరాణా బిల్లు, కరెంటు బిల్లు, సెల్‌ఫోన్ రీచార్జి, ఇంటి అప్పు స్టేట్‌మెంట్. చదివే తీరు కథదే: ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారు, ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది వడ్డీ. మన ఊళ్లలో వడ్డీని ఏడాది శాతంలో చెప్పరు. "రెండు రూపాయల వడ్డీ" అంటారు. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. వినడానికి ఎంత చిన్నగా ఉంటుందో! ఏడాదికి 24 శాతం. పదివేలు తీసుకుంటే నెలకు 200, అసలు తీర్చకపోతే 50 నెలల్లో వడ్డీయే ఇంకో పదివేలు. అదే చక్రవడ్డీ అయితే మూడేళ్లు దాటగానే బాకీ రెట్టింపు. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే ఏళ్లు సుమారుగా వస్తాయన్న చిట్కా ఇక్కడ చెప్పండి. 24తో భాగిస్తే 3. పొదుపు మీద 6 శాతం అనుకుంటే, 6తో భాగిస్తే 12. అప్పు ఎందుకు పరుగెత్తుతుందో, పొదుపు ఎందుకు నడుస్తుందో పిల్లలే పట్టుకుంటారు.

మా ఇంటి అప్పు కాగితం చూపించడానికి నేను చాలా రోజులు జంకాను. టెన్షన్ పడతారేమోనని. తీరా చూపిస్తే, ఈఎంఐలో (నెలనెలా కట్టే వాయిదాలో) మొదటి ఏళ్లలో అసలు కంటే వడ్డీకే ఎక్కువ పోతుందని చూసి పెద్దాడు "ముందే కొంచెం ఎక్కువ కడితే?" అన్నాడు. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న రోజుల్లో మాత్రం ఈ కాగితం జోలికి పోకండి. లెక్క నేర్పబోయి బెంగ పెట్టినట్టవుతుంది.

ఆరో మెట్టు: ఒక్క రోజు వ్యాపారం

పిల్లలు "మనం కూడా ఏదైనా అమ్ముదాం" అని అడిగేదాకా ఆగండి. అడిగాక ఒక్క రోజులో తేలిపోయే సరుకు ఎంచుకోండి. మావాళ్లు వినాయక చవితి పత్రి ఎంచుకున్నారు. అందరికీ కావాలి, ఒక్క పూటే కావాలి, మధ్యాహ్నానికి విలువ సున్నా. నాలుగో రాత్రి కట్టెల కథకు ఇది తమ్ముడు లాంటిది.

పెట్టుబడి అమ్మమ్మ దగ్గర. "అమ్మమ్మా, నీకు చీటీ రాసిస్తాం" అని ఇద్దరూ వెళ్లి 300 తీసుకున్నారు, రెండు రూపాయల వడ్డీకి, నెల గడువుకి. రాసుకున్న ఖర్చు ఇది: మారేడు, మాచీపత్రి, మరువం, జాజి లాంటివి మార్కెట్లో 180. కాగితం కవర్లు, దారం 40. నా ఆటో ఖర్చు 80. ఆటో డబ్బులు నేను ఇచ్చేద్దామనుకున్నాను, కానీ ఇస్తే లెక్క అబద్ధమవుతుంది. పిల్లల వ్యాపారాల్లో లాభాలన్నీ చాలావరకు అమ్మానాన్నలు రాయని ఖర్చులే. గరిక, రేగు, ఉత్తరేణి, జమ్మి తెలిసినవాళ్ల తోటలో దొరికాయి. ఒక జాగ్రత్త: ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపు మొక్కలు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆ మూడింటినీ పెద్దవాళ్లే కోసి కట్టాలి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

25 కట్టలయ్యాయి. ఒక్కోటి 12 రూపాయలు పడింది. ధర 30 పెట్టారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు 17 పోయాయి, 510. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ధర పదికి దించితే మూడు పోయాయి, 30. ఐదు మిగిలాయి. విషపు ఆకులు తీసేసి మిగతావి మేకలకు వేశాం. మొత్తం 540, ఖర్చు పోగా 240.

సంబరం అయ్యాక ఇంకో లెక్క వేయించాను. ముందు రోజు సాయంత్రం నాలుగు గంటలు, ఆ పొద్దున మూడు గంటలు, ఇద్దరికీ కలిపి 14. గంటకు 17 రూపాయలు. మొహాలు పడిపోయాయి. కూలికి వెళ్లేవాళ్లకు గంటకు ఎంత వస్తుంది, కూరగాయల బండివాడికి ఎంత మిగులుతుంది అని అప్పుడు వాళ్లే అడిగారు. బండి దగ్గర రెండు రూపాయలకు బేరమాడటం ఆ నెలంతా నాకు కుదరలేదు, పక్కన నిలబడి గుడ్లురిమి చూసేవాళ్లు.

నెల తిరగ్గానే 306 పట్టుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లారు. ఆరు రూపాయలు వద్దంది. పెద్దాడు ఒప్పుకోలేదు, చీటీలో ఉందన్నాడు. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని, చీటీ మీద అడ్డంగా "చెల్లు" అని రాసి సంతకం చేసి ఇచ్చింది. ఆ చీటీ పద్దుల పుస్తకంలో అంటించి ఉంది. నష్టం వచ్చి ఉంటే? వచ్చినా తీర్చాల్సిందే, వారానికి ఇంత అని. మీ ఇంట్లో నష్టమొస్తే జాలిపడి మాఫీ చేయకండి, గడువు పెంచండి.

ఏడో మెట్టు: పాస్‌బుక్

10 ఏళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీద సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు అనుమతిస్తోంది. ఎంత మొత్తం దాకా, ఏటీఎం కార్డు ఇస్తారా లేదా అన్నది ఆ బ్యాంకు ఇష్టం. అన్ని కౌంటర్ల దగ్గరా ఈ సంగతి తెలిసి ఉండదు. మమ్మల్ని మొదట వెళ్లిన చోటి నుంచి "పెద్దవాళ్ల పేరు మీదే తీసుకోండి" అని పంపేశారు. పోస్టాఫీసులో 500 రూపాయలతో ఖాతా తెరవవచ్చు, రికరింగ్ డిపాజిట్ (నెలనెలా కొంత కట్టే పొదుపు) నెలకు 100 నుంచి మొదలవుతుంది. వెళ్లేముందు రోజు సంతకం ప్రాక్టీసు చేయించండి. మావాడు మూడు కాగితాల మీద మూడు రకాలుగా చేశాడు. పాస్‌బుక్‌లో కొత్త వరసలు పడ్డ ప్రతిసారీ రాత్రి దాన్నీ కథలాగే పైకి చదవండి.

ఈ ఏడు చవితికి 500 కావాలని ఇద్దరూ మళ్లీ అమ్మమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె వెంటనే తీయలేదు. "పోయినేడు ఐదు కట్టలు ఎందుకు మిగిలాయో రాసి పట్టుకురండి, చూసి ఇస్తా" అంది. ఇప్పుడు ఇద్దరూ పద్దుల పుస్తకం ముందేసుకుని, ఆ పొద్దున ఎన్నింటికి ఎవరెవరు వచ్చారో గుర్తు తెచ్చుకుంటూ కొట్టుకుంటున్నారు.